దిగేచోట పెట్టిన కాలు

ఫ్యాక్టరీలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం సెలక్షన్‌కు మా కాలేజీ నుంచి ఒక్కడే పోవాలి. ఆ ఒక్కడు ఎవడో తేల్చడానికి పిల్లలను ఆడించాను. ఫ్యాక్టరీ టీములో పద్నాలుగేళ్లు బాస్కెట్‌బాల్ ఆడి కోచ్‌నైనవాణ్ణి. ఆట చూస్తే మనిషి తెలిసిపోతాడు నాకు.

అందరికన్నా బాగా ఆడే పిల్లవాడు బంతి వేయడానికి ఎగిరాడు. వాడు దిగేచోట, వాడితో పోటీలో ఉన్న మహేందర్ కావాలనే తన కాలు పెట్టాడు. చీలమండ విరిగి ఆ పిల్లవాడు కూలిపోయాడు.

మహేందర్‌ను కోర్టు మధ్యకు ఈడ్చి చెంప మీద కొట్టాను. పెదవి చిట్లింది. కడుపులో తన్నాను.

"ఎవడ్రా నీకు గీ గలీజ్ పని నేర్పింది?"

"మా బాపు చెప్పిండు సార్."

"ఎవడ్రా మీ బాపు?"

వాడు నెత్తురు ఉమ్మి నా దిక్కు చూశాడు. "ఛత్రినాకల పాలు పోసే అంజన్. మీ సెలక్షన్ల మీతోనే ఆడిండు. గప్పట్నుంచి కుంటుతనే ఉన్నడు. నౌకరి గిట్లనే వస్తదన్నడు."

అంజన్ దిగేచోట కాలు పెట్టింది నేనే. ఆ ఏడు ఉన్న ఒక్క ఉద్యోగం నాకే వచ్చింది.

పిల్లలందరూ నన్నే చూస్తున్నారు. మహేందర్‌ను మళ్లీ కొట్టాను. అంతకుముందు దెబ్బలు వాడు చేసిన పనికి. ఈ దెబ్బ మాత్రం వాడు ఇంకో మాట మాట్లాడకుండా.