వణకని గొంతు

అర్జీల గదిలో మనుషులు లేకుండా పోయి ఆరేళ్ళయింది. గోడలోని యంత్రం గొంతే అందరి గోడూ వింటుంది, అదే తేల్చేస్తుంది.

పోయినసారి సెక్స్ వర్కర్ల సంఘం తరఫున నూకరత్నం వచ్చి, "మమ్మల్ని కాపాడ్డం ఆపండి బాబూ" అని ఏడ్చింది. గోడ ఆ ఏడుపు విని, ఈమె ఎవరికో భయపడుతోందని తేల్చింది. రక్షణ బండిని పంపి, పదకొండు మందిని మూడు నెలలు హోమ్‌లో పెట్టించింది.

అందుకే సంఘం పెద్ద మంగతాయారు ఈసారి నెల్లాళ్ళు సాధన చేయించింది. గొంతు వణికితే మళ్ళీ మొదటి నుంచి.

ఇవాళ మంగతాయారు పక్కనే నిలబడగా నూకరత్నం ఎక్కడా తడబడలేదు. "మా అంతట మేమే ఈ పని చేత్తన్నామండి. ఎవరూ బలవంతం చెయ్యలేదు. మాకు బండొద్దు, రేషన్ కార్డు కావాలండి."

గోడ తేల్చేసింది. "ఈ మాటలు మీకెవరో నేర్పి పంపారు. భయపడకండమ్మా, బండి బయల్దేరింది."

తలుపులు వాటంతటవే మూసుకున్నాయి.

"పాప బడి నుంచి నాలుగింటికి వచ్చేత్తాదక్కా. తాళం నా దగ్గరే ఉండిపోయింది" అంది నూకరత్నం.

మంగతాయారు గోడ వైపు తిరిగి నోరు తెరిచింది. ఏడిస్తే భయమంటుంది. నెమ్మదిగా చెబితే నేర్పారంటుంది. ఏమనాలో తోచక ఆమె నోరు మూసుకుంది.

"సంతోషం. మీ అంగీకారం నమోదైంది" అంది గోడ.