విన్న మనిషి

భోజనాల గంట ముగిసి ఇరవై నిమిషాలైనా ఏడో తరగతి దేవిశ్రీ క్లాసుకు రాలేదు.

బ్యాగు బెంచీ మీదే ఉంది. పిల్ల లేదు.

కబురు వినగానే దివ్య వెతకడానికి బయల్దేరింది. ఆ బడిలో పిల్లల మనసుల బాగోగులు చూసే కౌన్సెలర్ ఆమె.

మాదాపూర్ సందుల్లో ఎనిమిదో తరగతి దాకా ఉన్న చిన్న బడి అది. ఏ పిల్లకు మనసు బాగాలేకపోయినా దివ్య గదికి రావచ్చు. దేవిశ్రీ మూడు వారాలుగా వస్తూనే ఉంది. కూర్చుంటుంది, గోళ్లు కొరుక్కుంటుంది, వెళ్లిపోతుంది. నోరు విప్పదు.

వానాకాలంలో వాళ్లమ్మ పోయింది. దివ్యకు తెలిసింది అంతే.

బాత్రూములు వెతికారు. మెట్ల కింద చూశారు. లైబ్రరీలో చూశారు.

తండ్రి మధుసూదన్ ఆఫీసు నుంచి పరుగున వచ్చాడు. మెడలో ఐడీ కార్డు అలాగే ఉంది.

"మీ దగ్గరికే గదా మేడం రోజూ పంపిస్తాండేది! పాప మీకేమీ చెప్పల్యాదా?"

"లేదండీ. ఎంత అడిగినా..."

డాబా ఒక్కటే చూడలేదని గుర్తొచ్చి దివ్య పైకి పరుగెత్తింది. వెనకే అతనూ.

బడి వెనక ఒక అపార్ట్‌మెంటు కడుతున్నారు. నాలుగో అంతస్తులో ఇంకా గోడలు లేవలేదు. స్లాబు అంచున నీలం యూనిఫారం కనిపించింది.

పక్కన ఎవరో ఆడమనిషి.

ఆ మెట్లన్నీ ఎలా ఎక్కారో ఇద్దరికీ తెలియదు.

చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కున్న కూలి మనిషి. యాభై ఏళ్లుంటాయి. దేవిశ్రీ తల ఆమె ఒళ్లో ఉంది. ఆమె ఆ పిల్ల మణికట్టును ఎంత గట్టిగా పట్టుకుందంటే, వేళ్లు దిగినచోట చర్మం కందిపోయింది.

మధుసూదన్ కంటికి ఆ కందిన చర్మం ఒక్కటే ఆనింది.

"ఎవురు నువ్వు? నా బిడ్డను ఈడికెందుకు తెచ్చినావ్?"

ఆమె బదులివ్వలేదు.

"నిన్నే! చెప్పు!"

ఇద్దరి ముఖాల్లోకి మార్చి మార్చి చూసింది తప్ప ఆమె ఏమీ అనలేదు.

మధుసూదన్ కూతుర్ని లాక్కుని, ఆమెను ఒక్క తోపు తోశాడు. ఇసుక కుప్ప మీద పడింది. లేచి మళ్లీ పిల్ల దగ్గరికే రాబోయింది. అతను చెయ్యెత్తాడు. ఆగిపోయింది.

"చూసినారా మేడం, తప్పు చేయకుంటే చెప్పదా?"

దేవిశ్రీ వెక్కిళ్ల మధ్య ఏదో అంది. ఆ మాట తండ్రి భుజంలోనే మునిగిపోయింది.

ముందు పాపను అడుగుదామండీ అని దివ్య అనాలనుకుంది. అనలేదు. పోలీసులు, బడి పేరు, ప్రిన్సిపాల్ ముఖం, అన్నీ ఒక్కసారే కళ్లముందు తిరిగాయి.

కింద మేస్త్రి చేతులు జోడించాడు.

"కేసు గిట్ల వద్దు సార్. దీన్ని ఇప్పుడే పంపించేస్త."

ఆమె బట్టల మూట తెచ్చి ముందు పడేసి, గేటు వైపు వేలు చూపించాడు.

ఆమె వెళుతూ వెళుతూ దేవిశ్రీని చూసి, తన గుండె మీద చెయ్యి వేసుకుంది.

సోమవారం పొద్దున్నే దేవిశ్రీ తనంతట తానే దివ్య గదికి వచ్చింది. దింపడానికి వచ్చిన తండ్రి వరండాలో ఉన్నాడు.

"మేడం, ఆ ఆంటీ నన్ను తీసుకెళ్లలేదు. నేనే వెళ్లాను."

దివ్య చేతిలో పెన్ను ఆగిపోయింది.

"ఇంక ఉండొద్దనుకున్నాను. అంచుదాకా వెళ్లాను. వెనకనుంచి వచ్చి చెయ్యి పట్టుకుంది. తిట్టలేదు. కూర్చోబెట్టుకుంది. అప్పుడు చెప్పేశాను మేడం, మొత్తం."

"ఏం చెప్పావు తల్లీ?"

"హాస్పిటల్ నుంచి అమ్మ ఫోన్ చేసింది, ఒకసారి రావే అని. రేపు పరీక్షుంది, ఎల్లుండి వస్తానన్నాను. ఎల్లుండికి అమ్మ లేదు."

దివ్య కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "నాతో చెప్పొచ్చు కదమ్మా?"

"నాన్నకు చెబితే ఏడుస్తాడు. మీకు చెబితే నీ తప్పేం లేదంటారు. వెంటనే అనేస్తారు. ఆమె ఏమీ అనలేదు మేడం. గంటసేపు నా ముఖంలోకే చూస్తూ విన్నది. నేను ఏడిస్తే ఏడ్చింది."

గుమ్మం దగ్గర చప్పుడైంది. వరండాలోంచి అంతా విన్న మధుసూదన్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

దేవిశ్రీని ప్రిన్సిపాల్ దగ్గర కూర్చోబెట్టి, ఐదు నిమిషాల్లో దివ్య, మధుసూదన్ ఆ అపార్ట్‌మెంటు గేటు ముందున్నారు. వాచ్‌మన్ నరేందర్ కుర్చీలోంచి లేచాడు.

"బుచ్చమ్మనా సార్? శుక్రవారమే ఎల్లగొట్టిన్రు గద. ఏదో లారీ ఎక్కి పోయింది."

"యాడికి?"

"ఎవలకెర్క? ఎన్కముందు ఎవలు లేరామెకు."

"ఫోన్ నంబరన్నా..."

"ఫోన్ లేదు సార్."

మధుసూదన్ గేటు చువ్వలకు తల ఆనించాడు. తోసిన తోపు అరచేతుల్లో ఇంకా తెలుస్తున్నట్టుంది, వాటిని ప్యాంటుకు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఎలాగైనా వెతికిపెట్టండి నరేందర్ గారూ," దివ్య బతిమాలింది. "ఆమెను మా బడిలోనే ఉంచుకుంటాం. మేం ఇంతమందిమి ఉండి ఏం లాభం? మా పిల్ల గంటసేపు చెప్పిందంతా ఆమె ఒక్కతే విన్నదండీ."

నరేందర్ ఆమెను వింతగా చూశాడు.

"విన్నదా? బుచ్చమ్మకు పుట్టినకాడికెల్లి చెవులు వినపడవు మేడం, మాట గూడ రాదు."