పక్క హాలు పడవ

చూపు లేనివాళ్లకు తెర మీద జరిగేదంతా చెప్పే ఇయర్‌ఫోన్ సినిమా హాల్లో ఇస్తున్నారని తెలిసి చెల్లిని తీసుకెళ్లాను. నాన్నకు పోయినట్టే దానికీ నడివయసులో చూపు పోయింది. అప్పట్నుంచి ఏ సినిమాకెళ్లినా దాని చెవిలో నేనే చెప్పేదాన్ని. ఈమధ్య గొంతు నొప్పని మానేశాను.

బొమ్మ మొదలైంది. చెల్లి ఇయర్‌ఫోన్ సర్దుకుంది.

"హమ్మయ్య, ఇక నీ నస తప్పిందే అక్కా. ముందు వరసవాళ్ల తిట్లూ తప్పాయి."

కాసేపటికి నా చెయ్యి గిల్లింది.

"ఇందులో ఆయనేమో నదిలో పడవ పోతోందంటున్నాడు. నాకేమో రైలు చప్పుడు వినిపిస్తోంది. పడవుందా అక్కా?"

తెర వైపు తిరిగాను. దేవుణ్ణి తలుచుకున్నాను.

"ఉందమ్మా. ఒడ్డున రైలు పోతోంది."

నమ్మింది. నా మాట అది ఎప్పుడు నమ్మలేదు గనక.

అంతలో టిక్కెట్లు చింపే అతను టార్చి వేసుకుంటూ వచ్చాడు.

"ఏమనుకోకండమ్మా, పక్క హాలు సినిమాది మీకిచ్చేశాను. ఆ పడవల గోల ఇక్కడిది కాదు. ఇదిగో, ఇది పెట్టుకోండి."

చెల్లి దాన్ని అందుకోలేదు. దాని వేళ్లు నా ముఖం తడుముతూ కళ్ల దగ్గర ఆగాయి.

"నాన్న కళ్లు నాకొక్కదానికే వచ్చాయనుకున్నానే," అంది మెల్లగా.

"ఇంకొకటి తెచ్చిపెట్టండి," అంది అతనితో. "మా అక్కకి."

"హాలుకి ఒక్కటే ఇచ్చారమ్మా," అన్నాడతను.