ఆ ఒక్క వాక్యం నాది కాదు

“మీరు రాసిందే పెట్టిన మేడమ్, కాదంటలేను. మా ఇంటి ముచ్చటనే కదా అని అడగలే,” అంది భవ్యశ్రీ, ల్యాప్‌టాప్ రషీదా వైపు తిప్పుతూ.

రషీదా కళ్ళజోడు పెట్టుకుంది. కరీంనగర్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసు గుమాస్తాగా పనిచేసి రిటైరైంది. పాత దస్తావేజులు వెతికి, ఆ చుట్టుపక్కల కుటుంబాల చరిత్రలు తన బ్లాగులో రాస్తుంటుంది. జమ్మికుంటలోని ఈ ఇంటి ఆరు తరాల చరిత్రా అందులోదే. భవ్యశ్రీ దాన్ని మక్కీకి మక్కీ ఎత్తి తమ కుటుంబం పేజీలో పెట్టింది. రషీదా పేరు లేదు. రెండు మెయిళ్ళకు జవాబు రాకపోతే, పొద్దున్నే బస్సెక్కి వచ్చింది.

భవ్యశ్రీ తండ్రి హనుమండ్లు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు.

“పేర్లు, తారీఖులు ఎవరి సొత్తు కాదు బిడ్డా. అవి వాడుకో. నేను కూసుండి రాసిన మాటలు మాత్రం నావి. వాటి కింద నా పేరుండాలె.”

“పెడుత మేడమ్.” భవ్యశ్రీ పేరు టైపు చేసింది. “మా బాపమ్మ కిష్టవ్వ చెప్పిన ముచ్చట్లు గూడ రాసిండ్రు. మా ఇంట్ల ఎవ్వలకు చెప్పలే ఆమె. మీకెట్ల చెప్పింది?”

“ఏటా ధర్మపురికి వస్తుండె. గోదారి ఒడ్డుకు కూసుండి చెప్తుంటే రాసుకున్న. ఆమె పోయిన సంగతి నాకు నెల తర్వాత తెలిసింది. ఆ ముచ్చట్ల కింద ఆమె పేరు పెట్టిన. నువ్వు అది గూడ తీసేసినవ్.”

భవ్యశ్రీ తలొంచుకుని నాయనమ్మ పేరూ చేర్చింది.

రషీదా తెర మీద ఒకచోట వేలు పెట్టింది. “గీ ఒక్కటి నేను రాయలే.”

హనుమండ్లు చెల్లెలు రాజమణి పంతొమ్మిదో ఏట చనిపోయింది అని ఉందక్కడ.

“అవును మేడమ్. మీరు పేరొక్కటే రాసి వదిలేసిండ్రు. బాపును అడిగి నేనే నింపిన.”

“అయితే దాని కింద మీ బాపు పేరు రాయి. ఎవరు చెప్పిన మాటకు వాళ్ళ పేరే ఉండాలె.”

హనుమండ్లు కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. ‘చెప్పినవారు: హనుమండ్లు’ అని రాసింది భవ్యశ్రీ. రషీదా దాన్ని రెండుసార్లు చదివింది. ఆమె మొహంలో ఏమీ మారలేదు. బ్యాగు భుజాన వేసుకుని లేచింది.

“చాయ్ తాగి పోండ్రి మేడమ్.”

“వద్దు బిడ్డా.”

హనుమండ్లు లేచి ఆమె వెనకే గేటు దాకా వచ్చాడు. తనే గొళ్ళెం తీశాడు. ఆమె రోడ్డు మీద అడుగు పెట్టాక మెల్లగా అడిగాడు.

“బస్సు దొరుకుతదా, రాజమణీ?”