చిటికెన వేలంత సందు

ఆదివారం ఆరాధనలో ఆర్నెటా గొంతెత్తి పాడుతూ తల ఊపేసరికి సవరం కలిపి అల్లిన సన్నజడ ఒకటి ఊడి, ఎగిరి వెళ్ళి పాస్టరుగారి బూటు మీద పడింది.

పాస్టరుగారు పెద్దమనిషి. కళ్ళు మూసుకుని "హల్లెలూయా" అన్నారు.

వెనక వరసలో పిల్లలు మాత్రం చర్చి అంతా వినబడేలా నవ్వారు.

మంగళవారం పొద్దున్నే ఆర్నెటా ఆ జడను తెచ్చి, డెలోయిస్ జడల షాపులో బల్ల మీద టప్పున పెట్టింది. అమెరికాలోని మెంఫిస్‌లో ఆ వైపు నల్లజాతి ఆడవాళ్ళందరి తలలూ ఆ షాపులోనే తయారవుతాయి.

"ఇదిగో, మీ మిస్ ఒరీతా పనితనం!"

కుర్చీల్లో ఉన్నవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు.

"జడకి మారుమనసు కలిగి పాస్టరు కాళ్ళ మీద పడిందేమోనే!" అంది ఒకామె.

మూడో కుర్చీ దగ్గరున్న ఒరీతా నవ్వలేదు. అరవై దాటిన మనిషి. ఏడాది కిందట పనడుగుతూ వచ్చింది. అంతకుముందు ఏం చేసేదో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. షాపులో ఆమెకు పెట్టిన పేరు లూజు చేయి. అల్లిన ప్రతి జడ కిందా చిటికెన వేలు దూర్చి చూస్తుంది. దూరకపోతే విప్పి మళ్ళీ అల్లుతుంది.

"జడే కదా ఊడింది తల్లీ, జుట్టు ఊడలేదుగా," అందామె.

ఆర్నెటాకి ఒళ్ళు మండింది.

మండదూ మరి! యాభై ఒకటో ఏడు నడుస్తోంది. నలభై దాటేదాకా మందు పెట్టించి జుట్టు సాఫు చేయించుకుంది. మాడు కాలి పొక్కులొచ్చాక అదంతా కత్తిరించేసి, పుట్టినప్పటి ఉంగరాల జుట్టే పెంచింది. గుబురుగా వచ్చింది, నాలుగేళ్ళకే పల్చబడటం మొదలైంది. పాపిడి వెడల్పయితే పాపిడి మార్చింది. నడినెత్తి కనబడితే మెలికలు వేయించింది. కణతలు బోడి అవుతుంటే సవరాలు కలిపి సన్నజడలు అల్లించుకుంది. వాళ్ళమ్మ యాభై దాటాక కట్టిన తలగుడ్డ చచ్చేదాకా విప్పలేదు. శవపేటికలో కూడా విప్పనివ్వలేదు. ఆ గుడ్డ తన తలకి ఎక్కకూడదనే ఆర్నెటా ఆరాటమంతా.

"జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుంది. నాకున్నదే పిడికెడు! నిలిచే జడ చేతకాకపోతే చెప్పండి మిస్ ఒరీతా. ఇకమీదట నా తల ముట్టుకోవద్దు."

"ఇలాగైతే నేను షాపు మూసుకోవాల్సిందే," అని గొణిగింది డెలోయిస్.

ఒరీతా దువ్వెనలు తువ్వాలులో చుట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"నీ కణతల దగ్గర మొలకలొస్తున్నాయి తల్లీ. వాటిని ఎవరినీ లాగనివ్వకు. కళ్ళలో నీళ్ళు తిరిగితే ఆపెయ్యమను."

"పోతూ పోతూ పాఠమొకటి!" అంది ఆర్నెటా.

అందరూ మళ్ళీ నవ్వారు.

ఆ రోజే ఆర్నెటా మొదటి కుర్చీలో కూర్చుంది. అక్కడ అల్లే షాంట్రెల్‌ది ఇనుప చేయి.

"కాస్త నొప్పి పుడుతుందక్కా. నొప్పి పుడితేనే నెల నిలుస్తుంది."

రెండు మాత్రలు మింగితే గానీ ఆర్నెటా తల దిండుకి ఆనలేదు. కానీ ఆదివారం చర్చిలో ఒకటే పొగడ్తలు.

"కనుబొమ్మలు కూడా పైకెక్కాయే సిస్టర్! పదేళ్ళు తగ్గావు!"

ఆ మాట కోసం ఆర్నెటా ఆ నొప్పిని నాలుగు నెలలు భరించింది.

అయిదో నెల జడలు విప్పబోతే, కణత దగ్గరి జడ విప్పకుండానే చేతిలోకి వచ్చేసింది. చివర తెల్లటి కుదుళ్ళతో సహా వచ్చింది. పక్కది పట్టుకుంటే అదీ వచ్చింది. మూడోది ముట్టుకోడానికి భయమేసి, స్నానాల గదిలో నేల మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది.

డాక్టరమ్మ దీపం పెట్టి మాడంతా చూసింది. పాత ఫొటోలు చూపించమంది. ఒక ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"ఇందులో కణతల నిండా కొత్త మొలకలున్నాయి. అప్పుడు ఎవరల్లారు?"

"మిస్ ఒరీతా అని ఒకామె," అంది ఆర్నెటా.

"ఇప్పుడు కుదుళ్ళే మూసుకుపోయాయమ్మా. పోయింది ఇక రాదు. ఉన్నదైనా నిలబడాలంటే మందొక్కటే చాలదు. అలాంటి చేయి కావాలి. ఆమెను వదులుకోకండి."

డెలోయిస్ దగ్గర అడ్రసు పట్టుకుని, ఊరికి ఆ చివరనున్న ఇంటికి వెళ్ళింది ఆర్నెటా. దారంతా క్షమాపణ ఎలా చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉంది.

తలుపు తీసినామెకు నలభై ఏళ్ళుంటాయి. తలకి నీలంగుడ్డ కట్టుకుంది. మిస్ ఒరీతా ఉన్నారా అని అడిగింది ఆర్నెటా.

"అమ్మా? అమ్మ పోయి మూడు వారాలైంది. మీరెవరు?"

చేతులు కాలాక ఆకుల కోసం వచ్చింది ఆర్నెటా. ఆకులు కూడా మిగల్లేదు. గుమ్మంలోనే ఏడుపు తన్నుకొచ్చింది.

"పాపిష్టిదాన్ని! మీ అమ్మది లూజు చేయి అని అందరి ముందూ అవమానించాను."

ఆమె వింతగా చూసింది.

"లూజా? మా అమ్మ చేయా?"

లోపలికి పిలిచి అలమర చూపించింది. మూడు ఇత్తడి కప్పులున్నాయి.

"అట్లాంటా పోటీల్లో వరసగా మూడేళ్ళు గెలిచింది. ఒరీతా అల్లిన తల మీద నీళ్ళు పోసినా లోపలికి దిగవనేవాళ్ళు. అంత బిగువు."

"మరి ఆ చిటికెన వేలు?"

"అది నాకు పదకొండేళ్ళప్పుడు మొదలుపెట్టింది. ఆ తర్వాత బిగించి ఒక్క జడ అల్లితే ఒట్టు."

ఆమె నెమ్మదిగా తలగుడ్డ విప్పింది. కణతల నుంచి నడినెత్తి దాకా ఒక్క వెంట్రుక లేదు.

"ఆ మూడు కప్పులూ నా తల మీద అల్లి గెలిచినవే."