పది లెక్కపెట్టేలోగా

కొరియాలోని బుసాన్‌లో పెళ్ళాల మీద చెయ్యి చేసుకుని, కోర్టు తోలితే ఈ క్లాసుకొచ్చిన మొగుళ్ళం మేం.

"కోపాన్ని ఎలా మింగాలో చూసి నేర్చుకోండి," అంటూ క్లాసు చెప్పే తాక్ సార్ చిన్న వీడియో పెట్టాడు. భార్యాభర్తలుగా నటించింది ఆయనా, ఆయన భార్యే.

వంటింట్లో ఆవిడ చెయ్యి తగిలి కిమ్చీ పులుసు సార్ చొక్కా మీద ఒలికింది. సార్ కళ్ళు మూసుకుని పది దాకా లెక్కపెట్టి, నవ్వాడు. అందరం చప్పట్లు కొట్టాం.

మాలో దోంగ్‌సిక్ మాత్రం కొట్టలేదు. "మళ్ళీ వెయ్యండి సార్. ఒరేయ్, ఈసారి ఆవిణ్ణి చూడండ్రా."

చూశాం. సార్ లెక్కపెడుతున్నంతసేపూ వెనకాల ఆవిడ ఒక్కో కిటికీ మూసుకుంటూ పోతోంది. చివరిదానికి గడియ కూడా పెట్టింది.

"అలా చెయ్యమని మీరు చెప్పారా సార్?"

"లేదే! చలేసిందేమో."

"పక్కన ఫ్యాను తిరుగుతోంది కదండీ!"

దోంగ్‌సిక్ గొంతు తగ్గించాడు. "మా ఆవిడా అంతే సార్. నేను మొదలుపెట్టకముందే మూసేసేది, పైఫ్లాటు వాళ్ళకి వినపడకుండా."

తాక్ సార్ కళ్ళు మూసుకున్నాడు. పెదాలు మెల్లగా కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు.

నేను లేచి క్లాసు కిటికీ బార్లా తెరిచాను.