సబ్బుకి తాళం

భానుప్రియ మొగుడు దుబాయ్‌లో సబ్బుబిళ్లని కూడా పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటాడన్న సంగతి తార్‌బహార్ పేట అంతటికీ చేరవేసింది పక్కింటి అప్పయమ్మ. ఆవిడకి చెప్పింది కూతురు సౌభాగ్య. ఆ అమ్మాయి కూడా భర్తతో దుబాయ్‌లోనే ఉంటుంది.

"రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకు తాగి డ్యూటీకి పోతాడట. ఆదివారమొస్తే ఒక్క గుడ్డు. బట్టలు బకెట్లో తొక్కుతాడట," అంటూ అప్పయమ్మ భానుప్రియ ఇంట్లోనే కూర్చుని ఒక్కో వేలూ ముడిచింది. "సబ్బు పెట్టుకునే ఇనప్పెట్టె మీద తెల్లరంగుతో నంబరు కూడా ఉందట. నాలుగొందల పన్నెండు."

భానుప్రియ తలెత్తింది. అది తన తండ్రి నూకరాజు లైన్ బాక్స్. ముప్పై ఏళ్లు రైలింజను నడిపినన్నాళ్లూ బట్టలూ, బియ్యమూ, సబ్బూ అందులోనే మోశాడు. అల్లుడు జయప్రకాష్ మొదటిసారి విమానం ఎక్కుతుంటే, దీనికి జిప్పు ఊడే బెంగ లేదని చెప్పి చేతిలో పెట్టాడు.

"అందులో తప్పేటుంది? డ్యూటీ దిగి రన్నింగ్ రూమ్‌లో పడుకున్నప్పుడు మేవూ అంతే గదా," అన్నాడు నూకరాజు. "సబ్బు బయట పెడితే తెల్లారేసరికి చుట్టిన కాగితం కూడా మిగల్దు."

"అచ్ఛా! మీ రన్నింగ్ రూమ్‌లో నడిమజ్జిని పరదా ఉండేదేటి అన్నయ్యా? ఒకటే గదట. మజ్జిలో పరదా. ఇటేపు మీ అల్లుడు. అటేపు ఎవురే అని అడిగితే మా సౌభాగ్య ఫోన్ పెట్టేసింది. ఆడపిల్ల, పాపం, నోటితో ఏటని చెప్తాది!"

నూకరాజు దగ్గాడు.

సౌభాగ్యకి ఇలాంటి ఇరుకులేమీ లేవట. మూడు గదుల ఫ్లాటు, కిటికీలోంచి సముద్రం. ఆ సముద్రాన్ని అప్పయమ్మ ఇంకా చూడలేదు. వీడియో కాల్‌లో కూతురి ముఖమే ఫోను నిండా ఉంటుంది.

భానుప్రియకి మాత్రం వేరే సంగతి గుర్తొచ్చింది. కిందటి నెల ఫోన్లో మాట్లాడుతుంటే జయప్రకాష్ వెనకాల గాజుల చప్పుడు వినిపించింది. టీవీ అన్నాడు. గుడ్డుకి ఆదివారం దాకా ఆగే మనిషి టీవీ ఎప్పుడు కొన్నాడు?

వారం తిరక్కుండానే జయప్రకాష్ నెల సెలవు మీద వచ్చాడు. కాళ్లు కడుక్కోకముందే అడిగేసింది.

"పరదాకి అటేపు ఎవరు?"

"మనవాళ్లే."

"మనవాళ్లకి పేరుండదేటి?"

"ఊళ్లో చెప్పనని మాటిచ్చాను భానూ."

"పీటల మీద నాకిచ్చిన మాటేటి మరి?"

జయప్రకాష్ నెలంతా అదే జవాబు చెప్పాడు. వచ్చే ఏడాదికి ఇద్దరికీ సరిపడా ఓ చిన్న గది తీసుకుంటానని, గుడ్డూ సబ్బూ అందుకేనని కూడా చెప్పాడు. అతను తెచ్చిన పాస్‌పోర్టు ఫారాన్ని భానుప్రియ చింపలేదు. సంతకమూ పెట్టలేదు.

ప్రయాణం రోజు వచ్చింది. సాయంత్రం బండికి ముంబై, అక్కణ్ణుంచి విమానం.

"పేరు చెప్తే స్టేషన్‌కి వస్తాను," అంది భానుప్రియ. "లేదంటే అక్కడే ఉండిపోండి, ఆ పరదా చాటున."

ఫారం బల్ల మీద అలాగే ఉంది. ఆటో గుమ్మం ముందు ఆగింది. దాని వెనకే అప్పయమ్మ వచ్చింది, మాగాయ డబ్బాకి నాలుగు చుట్లు టేపు చుట్టి పట్టుకుని.

"బావూ, ఇది మా సౌభాగ్యకి. నీ గదిలో మాత్రం దింపకు. ఆ పరదా ఎనకాల ఎవుర్తి తినేస్తాదో ఏటో! తిన్నగా మా అమ్మాయి ఇంటికే పట్టుకెళ్లు. బస్సు టికెట్టుకి ఎనకాడే మనిషివని తెలుసులే. ఆ ఛార్జీ నానిస్తాను."

అని కొంగు ముడి విప్పసాగింది.

జయప్రకాష్ భానుప్రియని చూశాడు. బల్ల మీది ఫారం చూశాడు. మాగాయ డబ్బా అందుకుని, లైన్ బాక్స్‌లో సబ్బు పక్కన సర్ది, తాళం వేశాడు.

"ఛార్జీ ఎందుకు పిన్నీ, పరదా తీసి అందిస్తాను."